పంపు ఆడించి చూడండి: చేపల బోట్ల తనిఖీ చూసే అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. బోట్ల రిజిస్ట్రేషన్, తనిఖీ, సబ్సిడీ, శిక్షణ, బీమా, వీటిలో ఏ ఒక్కటి మీ చేతిలో ఉన్నా ఈ లేఖ మీకే.

మూడు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోదాన్ని "సంబంధిత విభాగానికి పంపాం" అన్నారు. అది ఏ విభాగమో ఇప్పటికీ తెలియదు. మూడోది ఇచ్చిన రోజు బల్ల వెనకాయన కాగితం మొత్తం చదివి, నవ్వి, "పంపు గురించా? నేనింకా ఏదో అనుకున్నా" అన్నారు. మనిషి చెడ్డవాడు కాదు, టీ కూడా తెప్పించారు. ఆ నవ్వు చూశాకే ఇక అందరూ చదివేలా రాయాలనిపించింది. ఏ కార్యాలయమో, ఏ రేవో రాయడం లేదు. రాస్తే అది ఒక గుమాస్తా మెడకు చుట్టుకుని అక్కడితో ఆగిపోతుంది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఏ రేవులో అడిగినా ఇదే కథ వింటారు.

నేను 19 ఏళ్లు మరబోటు డ్రైవరుగా వేటకు వెళ్లాను. ఇప్పుడు రేవు పక్కన రేకుల షెడ్డులో ఇంజిన్లు, పంపులు బాగుచేస్తాను. చదువు ఎనిమిదో తరగతి. తప్పులుంటే మా అమ్మాయి దిద్దింది.

ఇచ్చినవాటిని ముందు ఒప్పుకుంటాను. డీజిల్ మీద లీటరుకు 9 రూపాయల రాయితీ వస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధానికి 2025లో ఇంటికి 20,000 చొప్పున వేశారు. 2024 ఆగస్టులో మొదలైన కేంద్ర పథకంలో దేశం మొత్తం మీద లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు ఉచితమన్నారు. మంచిదే. మునుగుతున్న బోటు నుంచి ఒడ్డుకు కబురు పంపే పెట్టె అది. మునగకుండా చూసే వస్తువు గురించి అడిగితే మాత్రం నవ్వు వస్తోంది.

చదివేవాళ్లలో వేటకు వెళ్లనివాళ్లూ ఉంటారు కనుక రెండు ముక్కల్లో చెబుతాను. చిన్న మరబోటులో పంపులు ప్రధానంగా రెండు. ఒకటి ఇంజిన్‌ని చల్లబరిచేది. బోటు అడుగు నుంచి ఉప్పునీళ్లు పీల్చి ఇంజిన్ వేడిని పట్టుకుని పొగ గొట్టంలోంచి బయటికి పోస్తుంది. దాని లోపల రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది, ఇంపెల్లర్ అంటాం. ఆ రబ్బరుకి నీళ్లే చమురు. నీళ్లు లేకుండా తిరిగితే నిమిషం గడిచేలోపే కాలడం మొదలవుతుంది. రెండోది బోటు అడుగున చేరిన నీళ్లు తోడి బయట పోసేది. కొన్నిట్లో ఇది ఇంజిన్ బెల్టు మీద నడుస్తుంది, కొన్నిట్లో బ్యాటరీ మీద. ఇది కాక చేతి పంపు ఒకటి ఉండాలి. ఉండాలి అనే అంటున్నాను.

బోటులోకి నీళ్లు ఎందుకు వస్తాయని పట్నంవాళ్లు అడుగుతారు. రాని బోటు లేదండీ. బోటుని నెట్టే పంకా కడ్డీ బోటు లోపలి నుంచి బయటికి వెళ్లే చోట గ్లాండు ఉంటుంది. అందులో గ్రీసు పట్టించిన తాడు చుట్టలుగా కూరతాం. కడ్డీ తిరుగుతున్నప్పుడు అక్కడ చుక్కచుక్కగా నీరు కారాలి, ఆ చుక్కే తాడుని చల్లగా ఉంచుతుంది. చుక్క కూడా రాకూడదని బిగించేస్తే తాడు కాలి, కడ్డీ మీద గాడి పడి, నెల తిరిగేసరికి చుక్క ధార అవుతుంది. చెక్క బోటయితే పలకల సందుల్లోంచి కొంత వస్తుంది. ఐస్ కరిగిన నీరు, వల లాగినప్పుడు పడే నీరు, అల నీరు, అన్నీ చివరికి చేరేది అడుగుకే.

ఇక ఆ రాత్రి సంగతి.

మూడేళ్ల కిందట కార్తీక మాసం. మాది కాదు, మా బావమరిది బోటు. 40 అడుగుల చెక్క బోటు. వాళ్ల డ్రైవరుకు జ్వరమొస్తే ఆ నాలుగు రోజులకి నేను వెళ్లాను. ఆరుగురం. మూడో రాత్రి రెండు గంటలప్పుడు ఇంజిన్ శబ్దం మారింది. పొగ గొట్టంలోంచి నీళ్లు దుమికే చప్పుడు పలచబడింది. ఏళ్ల తరబడి బోటు నడిపినవాడికి నిద్రలో కూడా ఆ తేడా తెలుస్తుంది. కిందికి దిగితే నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. గ్లాండు తాడు చుట్ట ఒకటి ఊడి, కడ్డీ చుట్టూ నీళ్లు గొడుగులా విచ్చుకుంటున్నాయి.

బ్యాటరీ పంపు స్విచ్చు నొక్కితే గుయ్యిమంది, నీరు మాత్రం బయటపడలేదు. చెయ్యి పెట్టి తీస్తే జల్లెడ నిండా చేప పొలుసు, వల దారం ముక్కలు, ఒక పాల ప్యాకెట్ కవరు. శుభ్రం చేసి మళ్లీ పెట్టాం. పది నిమిషాలు ఆడింది, ఆపైన ఫ్యూజు పోయింది. వైరు అతుకు నీళ్లలోనే ఉంది మరి, పైన చుట్టింది మామూలు టేపు. బెల్టు పంపు చూద్దామంటే బెల్టు తడిసి జారిపోతోంది. మా కళాసీ, పంతొమ్మిదేళ్ల కుర్రాడు, బెల్టు మీదకి చెయ్యి పెట్టి బిగించబోయాడు. ఇంజిన్ ఆపమని ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. బెల్టుకి కంచె లేదు. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

చేతి పంపు ఏదిరా అని అరిచాను. పంపు ఉంది. పిడి లేదు. ఆ పిడిని ఐస్ గడ్డలు పగలగొట్టడానికి వాడుతున్నారని తర్వాత తెలిసింది. తెచ్చి బిగించి కొడితే లోపలి రబ్బరు పొర ఎండి పగిలిపోయి ఉంది. గాలి తప్ప ఏమీ రాలేదు.

అప్పటికి బ్యాటరీలు మునిగాయి, వైర్‌లెస్ సెట్టు పోయింది, దీపం పోయింది. కోస్ట్‌గార్డు ఆపద నంబరు 1554కి కొడదామంటే ఆ దూరంలో సెల్ సిగ్నల్ లేదు. బకెట్లతో, చేపల ట్రేలతో నాలుగు గంటలు తోడాం. నేను చొక్కా చింపి గ్రీసు పూసి గ్లాండులో కుక్కాను. తెల్లారాక పక్క ఊరి బోటు కనబడి తాడేసి లాగింది. బరువు తగ్గించడానికి వేటంతా నీళ్లలో పోశాం. అందులో కోనాలున్నాయి, చందువలున్నాయి. మా బావమరిది ఒడ్డున నిలబడి ఖాళీ చేపల గది చూసి ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

బీమా సర్వేయరు వచ్చి "నిర్వహణ లోపం" అని రాసుకుపోయారు. ఆయన రాసింది అబద్ధం కాదు. కానీ అదే బోటుకి కొన్ని నెలల ముందే తనిఖీ అయింది. నేను అక్కడే ఉన్నాను. నంబరు చూశారు, రంగు చూశారు, లైఫ్ జాకెట్లు లెక్కపెట్టారు, ఫొటో తీసుకున్నారు. "పంపు ఉందా?" అని అడిగారు. "ఉంది సార్" అన్నారు. టిక్కు పడింది. ఆడుతుందా అని ఎవరూ అడగలేదు. నా మొర మొత్తం ఆ ఒక్క అడగని ప్రశ్న గురించే.

కొద్దిగా లెక్క చెబుతాను, ఓపిక పట్టండి. నీటి మట్టానికి రెండడుగుల కింద ఒక్క అంగుళం చిల్లు పడితే నిమిషానికి 60 లీటర్లకు పైనే లోపలికి వస్తుంది. గంటకి మూడున్నర టన్నులు. 15 లీటర్ల బకెట్ నిమిషానికి నాలుగుసార్లు నింపి, ఎత్తి, బయట పోయాలి, ఊగే బోటులో, చీకట్లో, ఆపకుండా. ఇద్దరు మనుషులు అరగంట చేస్తారేమో. మంచి చేతి పంపు నిమిషానికి 30, 40 లీటర్లు తోడుతుంది. బ్యాటరీ పంపు డబ్బా మీద 2000 అని ఉంటుంది, అది గంటకి గ్యాలన్లు. అంటే నిమిషానికి 126 లీటర్లు రావాలి. నా షెడ్డులో డ్రమ్ము పెట్టి కొలిచాను. నాలుగున్నర అడుగులు ఎత్తి, లోపల గరగరలుండే ముడతల గొట్టం తగిలించి, రోజంతా వాడిన బ్యాటరీతో ఆడిస్తే 70 దాటలేదు. డబ్బా మీది అంకె అసలు ఎత్తే లేకుండా కొలిచింది. అది చూసి కొన్నవాడికి తన దగ్గర సగం పంపే ఉందని తెలియదు.

ఇంకో సంగతి చాలామంది డ్రైవర్లకు కూడా తెలియదు. పంపు బయటికి పోసే గొట్టం బోటు పక్కన ఎంత ఎత్తులో ఉంది? ఖాళీ బోటుకి అడుగు పైన ఉంటుంది. వేట దండిగా పడి ఐస్, చేప, వల నిండితే బోటు దిగుతుంది, ఆ గొట్టం మూతి నీళ్లలో మునుగుతుంది. పంపు ఆపగానే సముద్రం నీళ్లు అదే గొట్టంలో వెనక్కి నడిచి బోటులోకి వస్తాయి. పొలంలో గొట్టంతో నీళ్లు లాగినట్టే. నీళ్లు తోడే పంపే బోటుని నింపుతుందన్నమాట! గొట్టాన్ని పైకి వంపు తిప్పి, వెనక్కి రానివ్వని వాల్వు ఒకటి పెడితే సరిపోతుంది. లంగరేసి పడుకున్న బోటు తెల్లారేసరికి మునిగి కనిపిస్తే "ఎవరో కిట్టనివాళ్లు చేశారు" అనుకునే కేసుల్లో కొన్ని ఇవేనని నా అనుమానం. రెండిట్లో నేనే కళ్లారా చూశాను.

పంపు పాడయితే ఎవరికి ఏమవుతుందో వరసగా రాస్తున్నాను. మీ నవ్వు ఆగాలనే రాస్తున్నాను.

1. కళాసీ చెయ్యి. ఆ కుర్రాడు ఇప్పుడు వల లాగలేడు, ముడి వెయ్యలేడు. రేవులో ఐస్ తూకం దగ్గర కూర్చుంటాడు. సామూహిక ప్రమాద బీమాలో మరణానికి 5 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి రెండున్నర లక్షలు ఉన్నాయి. అతని పేరు ఆ ఏడాది జాబితాలో ఎక్కలేదు. కళాసీలు బోటు మారుతుంటారు, ఊరు మారుతుంటారు, కాగితం వాళ్ల వెనక పరిగెత్తలేదు. బెల్టు మీద జాలీ కంచె పెట్టడానికి నా షెడ్డులో ఒక పూట పని.

2. ఇంజిన్, దాని మీద అప్పు. ఇంపెల్లర్ కాలితే ఇంజిన్ వేడెక్కుతుంది, హెడ్డు పగులుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. ఇంకో చిక్కుంది. విరిగిన రబ్బరు రెక్కల ముక్కలు నీళ్లతో పాటు ముందుకు పోయి సన్న గొట్టాల్లో ఇరుక్కుంటాయి. కొత్త ఇంపెల్లర్ వేసినా ఇంజిన్ చల్లబడదు. ముక్కలన్నీ ఏరి, పేర్చి, రెక్కలు పూర్తిగా లెక్క తేలాకే మూత బిగించాలి. ఈ లెక్క చూడక రెండోసారి ఇంజిన్ పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికి వచ్చారు. ఇంజిన్ పోతే సీజను పోయినట్టే. అప్పు ఇచ్చినవాడు, చాలా చోట్ల, చేప కొనేవాడే. వాడు చెప్పిన ధరకే ఆ ఏడాదంతా వేట తూగాలి.

3. మొగ దగ్గర ఇసుక. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే నోరు. మచిలీపట్నం దగ్గర గిలకలదిండి లాంటి చోట మొగలో మేట వేసి, పోటు వచ్చేదాకా బోట్లు ఆగడం అందరికీ తెలిసిందే. అడుగు తగులుతూ దాటే బోటు నీళ్లతో పాటు ఇసుకనీ పీలుస్తుంది. ఆ ఇసుక పంపు లోపలి గోడని ఆకురాయిలా గీకుతుంది. పూడిక తియ్యడం పెద్ద పని, కోట్ల పని, అది ఇక్కడ అడగడం లేదు. కానీ మొగలో ఇసుక ఉన్నన్నాళ్లూ ఆ రేవు బోట్ల ఇంపెల్లర్లు మిగతావాటికంటే ముందే అరుగుతాయి. ఆ ఖర్చు ఎవరి ఖాతాలోనూ లేదు.

4. తుపాను రాత్రులు. బోటు రేవులోనే ఉంది కదా, క్షేమమే అనుకుంటారు. 20 సెంటీమీటర్లు దాటిన వానని వాతావరణ శాఖ అత్యంత భారీ వర్షం అంటుంది. పైకప్పు లేని ఫైబర్ బోటు, 14 చదరపు మీటర్ల నోరు ఉందనుకుందాం, అంత వానకి 2800 లీటర్లు పడతాయి. దాదాపు మూడు టన్నులు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నర్సాపురం దగ్గర తీరం దాటాయి. అలాంటి రాత్రుల్లో మనుషుల్ని ఒడ్డున ఉండమంటారు, ఉండాలి కూడా. అప్పుడు తేలు స్విచ్చుతో తనంతట తనే ఆడే పంపు తప్ప బోటుకి దిక్కు లేదు. ఆ తేలు కాస్తా దారం ముక్కకు చిక్కుకుంటే అంతే. (తేలు అంటే కుట్టేది కాదు. నీళ్లు పెరిగితే తేలి స్విచ్చు వేసే బుడ్డి.)

5. చేప ధర. గదిలో కరిగిన ఐస్ నీళ్లు, నెత్తురు నీళ్లు తోడకపోతే అడుగు వరస చేప అందులోనే నాని మెత్తబడుతుంది. వేలంలో పైవరస చూసి ఒక ధర అంటారు, అడుగు వరస తియ్యగానే మొత్తం బుట్టకి కోస్తారు. బుట్ట కొని ఊళ్లు తిరిగే ఆడవాళ్లు ఆ మెత్తటి చేపకి సాయంత్రం దాకా సమాధానం చెప్పుకోవాలి. రేవులోకి వచ్చాక అక్కడి మురికి నీళ్లే పంపుతో లాగి చేప కడిగే అలవాటు ఒకటుంది. అది మా తప్పు. ఒడ్డున మంచినీళ్ల కుళాయి లేకపోవడం మీ తప్పు.

6. నిప్పు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ రేవులో పదుల బోట్లు తగలబడ్డాయి. ఆ మంటని చిన్న పంపు ఆపేదని నేననను. కానీ వంట పొయ్యి దగ్గర మొదలైన నిప్పుని తొలి రెండు నిమిషాల్లో ఆపేది డెక్కు కడిగే పంపే. ఆడితే.

ఇప్పుడు మా వాళ్ల మాట. ఒక్క అధికారుల మీదే రాస్తే నా షెడ్డు ముందున్నవాళ్లే నవ్వుతారు. ఓనర్లకు రేడియో, చేపల్ని చూపించే యంత్రం కొత్తవి కావాలి, పంపు మాత్రం పాతది చాలు. డ్రైవర్లు ఇంజిన్ స్టార్టు చేసి పొగ గొట్టం వైపు ఒక్కసారి కూడా చూడరు. సముద్రం నీళ్లు పంపుకి వచ్చే గేటు వాల్వు తెరవకుండానే స్టార్టు చేసి ఇంపెల్లర్ కాల్చినవాళ్లలో నేనూ ఉన్నాను, ఇరవై రెండేళ్ల వయసులో, మా నాన్న బోటు మీద. నాన్న కొట్టలేదు. కాలిన రబ్బరు చక్రాన్ని దారం కట్టి చుక్కాని దగ్గర వేలాడదీశాడు. ఏడాది పాటు అది నా ముక్కు ముందే ఊగింది.

అన్నింటికంటే పెద్ద తప్పు నిషేధం నెలల్లో జరుగుతుంది. ఏప్రిల్‌లో బోటు లాగి పెడతారు, ఇంపెల్లర్ లోపలే వదిలేస్తారు. 61 రోజులు ఎండలో రబ్బరు రెక్కలు వంగి అలాగే బిగుసుకుపోతాయి, లోపల ఉప్పు పేరుతుంది. జూన్ 15న మంచి రోజు చూసి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకు దణ్ణం పెట్టి స్టార్టు చేస్తారు. మొదటి వారంలో నా షెడ్డు కిటకిటలాడుతుంది. బోటు లాగిన రోజున పంపులోంచి రెండు బకెట్ల మంచినీళ్లు పోనిచ్చి, ఇంపెల్లర్ ఊడదీసి, సబ్బు నీళ్లతో కడిగి నీడన పెడితే అలా వచ్చే పది మందిలో ఎనిమిది మంది రానవసరం లేదు. ఇలా రాస్తే నా గిరాకీ పోతుందని మా ఆవిడ అంది. పోనీ.

ఇవన్నీ చెప్పడానికి మనకు మనుషులు లేరా? ఉన్నారు. విశాఖలో కేంద్ర ప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ కేంద్రం ఉంది, బోటు ఇంజిన్ల పనిలో కుర్రాళ్లని తయారు చేస్తుంది. అక్కడే కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ శాఖ ఉంది. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక శిక్షణ సంస్థ ఉంది. నియమాలు లేవా? ఐక్యరాజ్య సమితి ఆహార, కార్మిక, నౌకా సంస్థలు మూడూ కలిసి 2012లోనే 12 మీటర్ల లోపు బోట్లకు భద్రతా సిఫార్సులు అచ్చు వేశాయి. అందులో నీళ్లు తోడే ఏర్పాట్లకూ చోటుంది. ఆ చదువూ ఆ నియమాలూ మా ఇసుక మీదకి దిగి రావాలి. అందుకే ఈ కోరికలు.

1. డ్రమ్ము పరీక్ష. తనిఖీకి వచ్చినప్పుడు "పంపు ఉందా" అని అడగొద్దు. 200 లీటర్ల డ్రమ్ముతో బోటు అడుగున నీళ్లు పోయించండి. బ్యాటరీ పంపో, బెల్టు పంపో నాలుగు నిమిషాల్లో ఖాళీ చెయ్యాలి. చేతి పంపు ఎనిమిది నిమిషాల్లో. వాచీ మీ చేతికే ఉంటుంది. చెయ్యలేని బోటుకి వారం గడువివ్వండి, మళ్లీ చూడండి, అప్పుడు టిక్కు పెట్టండి. పైకప్పు లేని చిన్న ఫైబర్ బోట్లకి బ్యాటరీ పంపు అడగకండి, వాళ్లకి మంచి చేతి పంపు, రెండు బకెట్లు చాలు. అందరికీ ఒకే చొక్కా కుట్టొద్దు.

2. సబ్సిడీ మీద ఇచ్చే భద్రతా సామాన్లలో చేతి పంపు, దాని రబ్బరు పొర ఒకటి అదనంగా, రెండు ఇంపెల్లర్లు, మూడు మూరల గ్లాండు తాడు, స్టెయిన్‌లెస్ గొట్టం క్లిప్పులు, వెనక్కి రానివ్వని వాల్వు చేర్చండి. ఇవన్నీ కలిపినా ఒక ట్రిప్పు డీజిల్ ఖర్చులో చిన్న ముక్క. పిడిని పంపుకే గొలుసుతో కట్టి ఇవ్వండి. ఎందుకో పైన రాశాను.

3. విడి భాగాలకు బిల్లు. ఇంపెల్లర్ అసలుదో నకిలీదో చేత్తో వంచితే నాకు తెలుస్తుంది, కళాసీకి తెలియదు. డబ్బా ఒకటే, రంగు ఒకటే, వారంలో రెక్క ఊడుతుంది. రేవుల దగ్గర అమ్మే పంపు సామాన్ల మీద తయారీ తేదీ, గట్టి బిల్లు తప్పనిసరి చెయ్యండి. ఏ దుకాణం పేరూ నేను చెప్పను, తనిఖీ చేస్తే మీకే తెలుస్తుంది.

4. నిషేధం 61 రోజుల్లో ప్రతి రేవులో ఒక్క రోజు శిక్షణ. హాలులో తెర మీద బొమ్మలు వద్దు. ఒడ్డున, బోటు మీద, చేతులు నల్లగా అయ్యేలా. తెలుగులో, మా మాటల్లో. ఇంపెల్లర్ మార్చడం, గ్లాండు తాడు కూరడం, గాలి పట్టిన పంపుకి నీళ్లు పట్టించడం. ఇంజిన్ పంపు పీల్చే గొట్టాన్ని ఆపదలో సముద్రం వైపు మూసి అడుగు నీళ్ల వైపు తిప్పడం కూడా నేర్పండి. అప్పుడు ఇంజినే బోటుని తోడుతుంది. అయితే అక్కడ గట్టి జల్లెడ ఉండాలి, నీళ్లు అయిపోవస్తుంటే మళ్లీ సముద్రం వైపు తిప్పడానికి ఒక మనిషి వాల్వు దగ్గరే కూర్చోవాలి. లేకపోతే బోటు తేలుతుంది, ఇంజిన్ పోతుంది. డ్రైవర్లతో పాటు కళాసీలని పిలవండి. ఆ రోజు కూలి ఇవ్వండి. ఊరికే రమ్మంటే ఓనర్లే వస్తారు, భోజనం చేసి వెళ్తారు.

5. తిరిగే ప్రతి బెల్టుకీ కంచె. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకి ఇది షరతు చెయ్యండి. కళాసీల పేర్లు బోటుకి కాకుండా మనిషికి, ఆధార్‌కి కట్టి ప్రమాద బీమాలో ఉంచండి. బోటు మారితే బీమా ఊడకూడదు.

6. చావు లేని ప్రమాదాలని కూడా రాసుకోండి. మనిషి పోతేనే కేసు, వార్త. ఆ రాత్రి మాది ఏ పుస్తకంలోనూ లేదు. రేవుకొక రిజిస్టరు పెట్టండి: ఏ బోటు, ఎక్కడ నీరు పట్టింది, ఏ పంపు ఆడలేదు, ఎందుకు. దాన్ని శిక్షలకి వాడబోమని మాట ఇస్తేనే నిజం రాస్తారు. రెండు సీజన్లు రాస్తే ఏ భాగం ఎక్కువ పోతోందో మీకే తెలుస్తుంది, నాలాంటివాడు అర్జీలు పెట్టక్కర్లేదు.

7. తోడి పోసే నీళ్లలో డీజిల్, ఆయిల్ ఉంటే రేవు నీళ్ల మీద రంగులు తేలుతాయి. దానికి జరిమానా వేస్తామంటున్నారు. వెయ్యండి. కానీ ముందు ప్రతి రేవులో వాడిన ఆయిల్ పోసే పీపా ఒకటి పెట్టండి. ఇప్పుడు పొయ్యడానికి సముద్రం తప్ప చోటు లేదు.

ఏడింట్లో ఒక్కటే చేస్తామంటే మొదటిది చెయ్యండి. దానికి బడ్జెట్ అక్కర్లేదు, జీవో కూడా అక్కర్లేదేమో. తనిఖీ ఫారంలో "ఉంది" అన్న మాట పక్కన "ఆడింది" అన్న గడి ఒకటి గీస్తే చాలు.

నాలుగో అర్జీ ఇక పెట్టను. వచ్చే ఏప్రిల్ 15 లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. కాదంటే ఎందుకు కాదో రాయండి, అదీ జవాబే. ఈ లేఖ చదివిన డ్రైవర్లు, ఓనర్లు జవాబు కోసం ఆగొద్దు. రేపు పొద్దున బోటు దగ్గరికి వెళ్లి చేతి పంపు పిడి ఎక్కడుందో చూడండి.

జూన్ 15కి ముందు వారంలో ఏ రోజైనా మా రేవుకి రండి. పదిహేడు బోట్ల వాళ్లు ఇప్పటికే ఒప్పుకున్నారు, వాళ్లవే ముందు చూడండి. ఫెయిలయితే ఫెయిలని రాసుకోండి, ఎవరూ గొడవ చెయ్యరు. డ్రమ్ము నాదే, నీళ్లు మా కుర్రాళ్లు పోస్తారు. ఐస్ తూకం దగ్గర కూర్చునే అబ్బాయి నిమిషాలు లెక్కపెడతానన్నాడు.

ఇట్లు,
ఒకప్పటి బోటు డ్రైవరు, ఇప్పటి పంపుల మెకానిక్